ఫొటో చూసి మాట చెప్పడం – మూడో పాఠం: మసక ఎక్కడ పుట్టింది?

రెండో పాఠం చివర ఇచ్చిన పని గుర్తుందా? ఎవరిదైనా ఒక ఫొటో తీసుకుని, బాగుందనీ అనకుండా, బాగాలేదనీ అనకుండా, అందులో ఏముందో మాత్రమే రాయమన్నాను. చేసినవాళ్లకు తెలిసే ఉంటుంది, రాయడం మొదలుపెట్టగానే కన్ను నిదానిస్తుంది. చెయ్యనివాళ్లు ముందు ఆ పని కానిచ్చి రండి. ఇవాళ్టి పాఠమంతా ఆ చూపు మీదే ఆధారపడుతుంది.

కొత్తగా ఫొటోలు తీసేవాళ్ల చెవిన ఎక్కువగా పడే మాట ‘బ్లర్ అయింది’. లేదంటే ‘క్లారిటీ లేదు’. మాట నిజమే అయినా విన్న మనిషి దానితో ఏం చేసుకోవాలి? రేపు మళ్లీ అక్కడికే వెళ్తే దేన్ని మార్చాలి? ఆ సంగతి తెలియక ‘ఈ ఫోనింతే’ అనుకుని కొత్త ఫోను కొనేవాళ్లున్నారు. పాతదానికి లెన్సు తుడిస్తే సరిపోయేది. మసక వచ్చిందని తీసినవాడికి మనం చెప్పక్కర్లేదు, వాడికీ కళ్లున్నాయి. అది ఎక్కడ పుట్టిందో చెప్పగలిగితేనే మన మాటకు విలువ.

ఒకే గదిలో తీసిన మూడు ఫొటోలు తీసుకుందాం. ఒడిశాలోని బరంపురంలో పట్టు నేసే వీధుల్లో ఒక ఇల్లు. తండ్రి మగ్గం మీద కూర్చుని గుడి గోపురాల్లాంటి కోణాలుండే కుంభం అంచు చీర నేస్తున్నాడు, కూతురు ఫొటోలు తీస్తోంది. గదికి ఒకటే కిటికీ, పైన ఒక చిన్న బల్బు. మూడు ఫొటోలూ ఫోను తెర మీద ఒకేలా మసగ్గా కనిపిస్తాయి. ‘అమ్మాయ్, మూడూ బ్లర్ అయ్యాయి, డిలీట్ చేసెయ్’ అనడం సులువు. అలా అనకుండా రెండు వేళ్లతో పెద్దది చేసి చూడండి.

మొదటి ఫొటోలో తండ్రి కళ్లజోడు మీద బల్బు మెరుపు ఉంది. మామూలుగా అది చిన్న చుక్కలా పడాలి. ఇక్కడ చుక్క సాగి, ఏటవాలుగా చిన్న గీత అయింది. గోడ మీది క్యాలెండర్ అంకెలు చూడండి, అవీ అదే ఏటవాలులో సాగాయి. మగ్గం కర్ర అంచు కూడా అంతే. ఫ్రేములో ఉన్నవన్నీ ఒకే దిక్కుకు, ఒకే పొడవున సాగాయంటే కదిలింది కెమెరా.

రెండో ఫొటోలో క్యాలెండర్ అంకెలు చక్కగా చదవొచ్చు. తండ్రి ముఖం కూడా తేటగానే ఉంది. నాడెను, అంటే దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే మగ్గం పనిముట్టును, విసిరిన చెయ్యి మాత్రం పొగలా చెదిరింది. ఇక్కడ కెమెరా కదల్లేదు, మనిషి కదిలాడు.

మూడోది చూసినవాళ్లు ఎక్కువగా పొరబడేది. ముఖం మెత్తగా ఉంది కానీ ఎటూ సాగలేదు. కళ్లజోడు మెరుపు గీత కాలేదు, గుండ్రంగా ఉబ్బింది. ఇలాంటప్పుడు ముఖం వదిలేసి ఫ్రేమంతా వెతకాలి, చాలాసార్లు ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి పదునుగా దొరుకుతుంది. ఇక్కడ దొరికింది ముందువైపు పడుగు, అంటే మగ్గం మీద పొడవునా బిగించిన దారాలు. దారం దారం లెక్కపెట్టుకోవచ్చు. కెమెరా తండ్రిని వదిలేసి దారాల మీద ఫోకస్ చేసింది.

మూడు మసకలకూ మూడు మందులు, ఒకదానిది ఇంకోదానికి పనికిరాదు. మొదటిదానికి షట్టర్ వేగం పెంచాలి, అంటే కెమెరా వెలుగును లోపలికి రానిచ్చే సమయం తగ్గించాలి, లేదా కెమెరాకు ఆసరా ఇవ్వాలి. పాతకాలం నుంచీ ఉన్న లెక్క ఒకటుంది: లెన్సు ఎన్ని మిల్లీమీటర్లో, షట్టర్ సెకనులో అన్నో వంతు లేదా అంతకన్నా వేగంగా ఉండాలి. 50 మిల్లీమీటర్ల లెన్సుకు 1/50, 200కి 1/200. లెన్సులు మార్చుకునే మామూలు డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో వెలుగును పట్టే సెన్సార్ పాత ఫిల్ము కన్నా చిన్నది కాబట్టి ఒకటిన్నర రెట్లు వేసుకోండి, 50కి 1/80 అనుకుంటే సరి. వీలు కాకపోతే మోచేతులు డొక్కలకు ఆనించడం, ద్వారబంధానికి భుజం ఆనించడం, ఊపిరి సగం వదిలి నొక్కడం. ఫోనైతే నైట్ మోడ్‌లో క్లిక్ శబ్దం వచ్చాక కూడా కాసేపు కదపకుండా పట్టుకోవాలి.

రెండోదానికి ఈ ఆసరాలేవీ పనిచెయ్యవు. ట్రైపాడ్ మీద పెట్టినా, కుదుపు తగ్గించే స్టెబిలైజేషన్ లెన్సులో ఉన్నా, తండ్రి చెయ్యి తన వేగాన తాను కదులుతూనే ఉంటుంది. ‘ట్రైపాడ్ కొనుక్కో అమ్మా’ అని సలహా ఇస్తే డబ్బూ పోతుంది, మసకా ఉంటుంది. ఇక్కడ కావలసింది షట్టర్ వేగమే. చెయ్యి నిలవాలంటే 1/250 దగ్గర మొదలుపెట్టి చూడాలి, ఎగిరే నాడె కూడా నిలవాలంటే 1/500 దాటాలి. ఆ గదిలో వెలుగు తక్కువ కాబట్టి ఐఎస్ఓ, అంటే అందిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, పెంచక తప్పదు. 1/30 నుంచి 1/250కి వెళ్లాలంటే వెలుగు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, అంటే ఐఎస్ఓ 400 ఉన్నచోట 3200 పెట్టాలి. నాయిస్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, వస్తుందని భయపడతారు. రానివ్వండి. నాయిస్ ఉన్న ఫొటోలో మనిషిని గుర్తుపట్టొచ్చు, చెదిరిపోయిన చేతిని తర్వాత ఏ యాప్‌తోనూ నమ్మకంగా వెనక్కి తేలేం.

మూడోదానికి వేగంతో పనిలేదు. ఫోనైతే తెర మీద తండ్రి ముఖాన్ని తాకి అప్పుడు నొక్కాలి. కెమెరా అయితే ఫోకస్ పాయింట్లన్నీ దాని ఇష్టానికి వదలకుండా ఒక్కటే ఎంచుకుని దగ్గరి కంటి మీద పెట్టాలి. ఎపర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే కంత, కూడా చూడండి; ఎఫ్ అంకె తగ్గేకొద్దీ కంత పెద్దదవుతుంది. చిన్న సెన్సార్ కెమెరాకు 50 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి, ఎఫ్ 1.8 దగ్గర, ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తే ముందూ వెనకా కలిపి పదునుగా వచ్చే మందం సుమారు ఆరేడు సెంటీమీటర్లే. ముఖం అందితే దారాలు అందవు, దారాలు అందితే ముఖం అందదు. ఎఫ్ 4 చేస్తే ఆ మందం రెట్టింపు దాటుతుంది.

రెండో ఫొటో విషయంలో ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని సలహా కన్నా ముందే అడగాలి: ‘చెయ్యి అలా చెదరడం నీకు కావాలనే వచ్చిందా?’ ముఖం నిలిచి, చెయ్యి చెదిరితే అక్కడ పని జరుగుతున్నట్టు కనిపిస్తుంది. నా మటుకు నాకు నాడె గాలిలో గడ్డకట్టిన ఫొటో కన్నా ఇదే నచ్చుతుంది. ఆ అమ్మాయి అవునంటే 1/500 గురించి మాట్లాడకండి. బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి జాతరలో పులి వేషం వేసుకున్నవాళ్లను తీసినప్పుడూ ఇంతే. వెనక జనమంతా అడ్డంగా గీతలై, పులి ముఖం మాత్రం తేటగా ఉందంటే, తీసినవాడు కెమెరాను వేషంతోపాటే తిప్పుతూ నొక్కాడన్నమాట. కష్టపడి సాధించినదాన్ని తప్పు కింద దిద్దకూడదు.

ఇక బరంపురం దగ్గరి సముద్రతీరం గోపాల్‌పూర్ ఫొటోలు. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు, మనవాళ్లు తెల్లారకముందే వెళ్లి తెప్పల్నీ పడవల్నీ తీస్తారు. వాటిలో వేరే రకం మసక ఉంటుంది. అంచులు అంచుల్లాగే ఉంటాయి, కానీ ఫొటో మీద పలచని పాల పొర పరిచినట్టుంటుంది, నలుపు నలుపుగా ఉండదు. దానికి మూడు కారణాలు ఉండొచ్చు, తీసినవాళ్లను అడిగితేనే తేలుతుంది. ఏసీ గదిలోంచి నేరుగా ఒడ్డుకు వచ్చారా? అయితే చల్లటి లెన్సు మీద ఆవిరి పట్టింది. వచ్చేసారి కెమెరాను సంచిలోనే మూసి ఉంచి, బయటి వేడికి అలవాటు పడ్డాక తియ్యాలి. సూర్యుడికి ఎదురుగా తీశారా? లెన్సుకు ఎండ తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టి చూడమనండి, పొర పోతే కారణం ఎండే. చెయ్యి అడ్డం పెట్టినా పోకపోతే లెన్సు మీద ఉప్పు తుంపర ఎండి ఉంటుంది. దాన్ని చీర కొంగుతోనో లుంగీ అంచుతోనో రుద్దొద్దని గట్టిగా చెప్పండి. ఒడ్డున బట్టలో ఇసుక ఉంటుంది, గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో, అంటే నొక్కితే గాలి చిమ్మే రబ్బరు బుడ్డితో, గాలి కొట్టి, తర్వాత శుభ్రమైన మెత్తటి బట్టను కాస్త తడిచేసి తుడవాలి.

ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర తాబేళ్ల ఫొటో ఎవరైనా చూపిస్తే మాత్రం మనం ఇచ్చే సలహాను రెండుసార్లు ఆలోచించుకోవాలి. ఆలివ్ రిడ్లీలనే ఈ సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టేది ఎక్కువగా రాత్రుళ్లు. చీకట్లో ఫోనుతో తీస్తే మసక రాక ఏమవుతుంది? దానికి ‘ఫ్లాష్ వేసి ఉండాల్సింది’ అన్న మాట నోటిదాకా వస్తుంది. ఆ మాట అనకండి. వెలుగు పడితే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లొచ్చు, గుడ్లలోంచి వచ్చిన పిల్లలు సముద్రం దారి తప్పి వెలుగు వైపు పాకుతాయి. అక్కడ చెప్పదగిన సలహా ఒకటే: అటవీ శాఖవాళ్లు వెళ్లనిచ్చే దూరంలో ఉండి, తెల్లవారాక ఒడ్డున ఇంకా మిగిలినవాటిని ఆ సహజమైన వెలుగులోనే తియ్యమనడం. లేదా అసలు తియ్యకుండా చూడమనడం. ఫొటో బాగుపడటం కోసం జీవికి హాని చేసే సలహా ఎంత సరైన టెక్నిక్ అయినా మంచి సలహా కాదు.

కారణం తెలిశాక దాన్ని నోటితో ఎలా చెప్పాలి? మన ఇళ్లలో ఇదే అసలు టెన్షన్. వయసులో చిన్నవాళ్లు పెద్దవాళ్ల ఫొటోలో లోపం చెప్పడానికి జంకుతారు, ‘సూపర్ మావయ్యా’ అని తప్పుకుంటారు. రిటైరయ్యాక ముచ్చటపడి కెమెరా కొనుక్కున్న మావయ్యకు ఆ సూపర్ వల్ల ఒరిగేది లేదు. అలాగని ‘మీ చెయ్యి వణికింది’ అంటే? ఆ వయసులో ఆ మాట ఫొటో గురించి కాక ఆయన గురించి అన్నట్టుంటుంది. అదే సంగతిని ఇలా చెప్పి చూడండి:

‘మావయ్యా, క్యాలెండరూ మెరుపూ ఒకే దిక్కుకు సాగాయి, చూశారా? ఇక్కడ షట్టర్ 1/15 ఉంది. ఆ వేగంతో చేత్తో పట్టుకుంటే ఎవరికైనా కదులుతుంది. ఈసారి ఐఎస్ఓ పెంచి 1/80 దగ్గర తీసి చూడండి. కిటికీ పక్క నుంచి వెలుగు పట్టుకోవడం మాత్రం భలే కుదిరింది, ఆ చోటు వదలకండి.’

ఇందులో అబద్ధం లేదు, బుజ్జగింపూ లేదు. ముందు గుర్తు చూపించాం, తర్వాత కారణం, తర్వాత ఈసారి చెయ్యాల్సింది. తప్పును అంకె మీద పెట్టాం. అది మర్యాద కోసమే కాదు, 1/15 దగ్గర తప్పు నిజంగానే అంకెది. చివర మెచ్చుకున్నది కూడా మళ్లీ చెయ్యగలిగిన ఒక పనిని. ‘మీకు మంచి కన్నుంది’ అంటే ఆయన సంతోషిస్తారు గానీ రేపు దానితో చెయ్యడానికేమీ ఉండదు. ఇక చిన్నవాళ్లతో మాట్లాడేటప్పుడు మనం చేసే పొరపాటు వేరు. ఒక్క ఫొటోకు ఏడు లోపాలు ఏకరువు పెట్టేస్తాం. మసక గురించి మాట్లాడేటప్పుడు మసక గురించే మాట్లాడండి. వంగిన సముద్రపు గీత మరోరోజు చూసుకోవచ్చు.

ఇంకొక్కటి. షట్టర్ అంకె కావాలంటే అసలు ఫైలు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో చిన్నదై, షట్టర్, ఐఎస్ఓ లాంటి వివరాలు పోగొట్టుకుని వస్తుంది. ఆ కుదింపు వల్ల వచ్చిన మెత్తదనాన్ని తీసినవాళ్ల లోపమనుకునే ప్రమాదమూ ఉంది. కాబట్టి మాట చెప్పే ముందు ‘డాక్యుమెంట్‌గా పంపండి’ అని అడగండి. లేకపోతే వాళ్ల ఫోనులోనే తెరిచి వివరాలు చూడండి.

ఈ పాఠానికి పని: మీ ఇంట్లోవాళ్లో స్నేహితులో తీసి, మసకగా ఉందని పక్కన పడేసిన ఫొటో ఒకటి అడిగి తీసుకోండి. మెరుపు చుక్క ఎక్కడుందో వెతకండి. అది గీత అయిందా, ఉబ్బిందా, చుక్కగానే ఉందా? ఫ్రేములో అన్నిటికన్నా పదునుగా ఉన్నది ఏదో పట్టుకోండి. తర్వాత గుర్తుకొకటి, కారణానికొకటి, ఈసారి చెయ్యాల్సినదానికొకటి చొప్పున మూడు వాక్యాలు రాసి, వాళ్లకు చదివి వినిపించండి. వీలైతే అదే చోట, అదే వేళకు మళ్లీ తీయించండి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టినప్పుడు మసక తగ్గకపోతే మీరు చెప్పిన కారణం తప్పు, మళ్లీ వెతకాలి. ఆ రెండూ దగ్గర పెట్టుకోండి, వెలుగు గురించి చెప్పుకునే నాలుగో పాఠంలో వాటితోనే మొదలుపెడదాం.