వర్చువల్ మెషిన్ పాఠాలు – 3: కెర్నల్ మారినా కదలనిది ఏది?

పోయిన పాఠంలో బయోస్‌లో వర్చువల్ మెషిన్‌కి, అంటే ఒక కంప్యూటర్‌లోనే నడిచే మరో కంప్యూటర్‌కి, ప్రాసెసర్ ఇచ్చే సదుపాయాన్ని (ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం) ఆన్ చేశాం. ఇక దాని మీద ఏ సాఫ్ట్‌వేర్ నడపాలో తేల్చుకుందాం. భీమవరంలో ఒక రొయ్యల మేత కొట్టు అనుకోండి. కంప్యూటర్‌లో ఆర్చ్ లినక్స్, 8 జీబీ ర్యామ్. బిల్లుల కోసం ట్యాలీ కావాలి, దానికోసం లోపల విండోస్ ఉండాలి.

వర్చువల్‌బాక్స్ గానీ వీఎంవేర్ వర్క్‌స్టేషన్ గానీ లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోకి సొంత మాడ్యూల్ (కెర్నల్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) ఎక్కించుకుంటాయి. మొదటిదానికి వీబాక్స్‌డ్రవ్, రెండోదానికి వీఎంమాన్, వీఎంనెట్. చేలోకి తూము కాలువ మట్టాన్ని బట్టి వేస్తాం కదా, కాలువ తవ్వి మట్టం దింపితే తూమూ మళ్ళీ దించుకోవాలి. ఇదీ అంతే. కెర్నల్ మారినప్పుడల్లా మాడ్యూల్ దానికి తగ్గట్టు మళ్ళీ కంపైల్ (తయారు) కావాలి. డీకేఎంఎస్ అనే సాధనం ఆ పని తనే చేస్తుంది. కానీ అందుకు కావాల్సిన కెర్నల్ హెడర్స్ ప్యాకేజీ లేకపోయినా, కొత్త కెర్నల్‌లో ఏదైనా ఫంక్షన్ మారినా మధ్యలో చతికిలబడుతుంది. బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే చాలా లినక్స్‌లలో డిజిటల్ సంతకం లేని మాడ్యూల్ అసలు లోడ్ కాదు. కెర్నల్ అరుదుగా మారే డెబియన్ స్టేబుల్ లినక్స్ వాడేవారికి ఈ తంటా తక్కువ. వారం వారం కెర్నల్ మారే ఆర్చ్ మీద మాత్రం వర్చువల్‌బాక్స్ పెట్టమని చెప్పం.

లినక్స్ సొంత వర్చువలైజేషన్ కేవీఎం సంగతి వేరు. 2007లో వచ్చిన 2.6.20 వెర్షన్ నుంచి అది కెర్నల్‌లోనే భాగం. కెర్నల్‌తోపాటే తయారై, దానితోపాటే వస్తుంది. దాని మీద మెషిన్‌ని నడిపే క్యూఎము, దాన్ని నిర్వహించే లిబ్‌వర్ట్, తెరమీద చూసుకోడానికి వర్ట్ మేనేజర్. మన కొట్టుకి ఇదే ఖాయం చేద్దాం.

ఈ మూడింటితోపాటు లోపలి విండోస్‌కి నెట్‌వర్క్ అడ్రస్ ఇచ్చే డీఎన్ఎస్‌మాస్క్ కూడా వేయండి. ఆర్చ్‌లో అది దానంతటది రాదు, అది లేకపోతే డిఫాల్ట్ నెట్‌వర్క్ లేవదు. లిబ్‌వర్ట్ సర్వీసు ఎనేబుల్ చేసి, మీ యూజర్‌ని లిబ్‌వర్ట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ కండి. డిఫాల్ట్ నెట్‌వర్క్‌కి ఆటోస్టార్ట్ టిక్ పెట్టండి. విండోస్ 10కి 4 జీబీ ర్యామ్, 2 కోర్లు, 60 జీబీ క్యూకౌ2 (క్యూఎము డిస్క్ ఫైలు రకం) డిస్క్ చాలు. మిగతా 4 జీబీ లినక్స్‌కి వదలాలి.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు: డిస్క్‌ని వర్ట్ఐఓ (వర్చువల్ మెషిన్ల కోసమే చేసిన రకం) పెడితే విండోస్ ఇన్‌స్టాలర్ 'డ్రైవ్ ఏదీ లేదు' అంటుంది. డిస్క్ పోలేదు, డ్రైవర్ లేదు, అంతే. వర్ట్ఐఓ-విన్ ఐఎస్ఓని రెండో సీడీగా తగిలించి, 'లోడ్ డ్రైవర్' నొక్కి, వయోస్టార్ ఫోల్డర్‌లో మీ విండోస్ వెర్షన్‌ది ఎంచుకోండి. డిస్క్ కేష్‌ని 'అన్‌సేఫ్'లో పెట్టొద్దు, రాసిన డేటా వెంటనే డిస్క్‌కి చేరదు. గాలివాన రోజున కరెంటు పోతే ఆ నెల పద్దులు పోయినట్టే.

ఆర్చ్‌ని అప్‌డేట్ చేసే ముందు లోపలి విండోస్‌ని 'సేవ్' (ఉన్న స్థితిలోనే ఆపి దాచడం) చేయకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయండి. ప్రాసెసర్ మైక్రోకోడ్ (దాని లోపల నడిచే చిన్న కోడ్) మారితే సేవ్ చేసిన స్థితి తిరిగి లేవకపోవచ్చు. అప్‌డేట్ అయ్యాక కంప్యూటర్ రీబూట్ తప్పనిసరి. ఆర్చ్‌లో పాత కెర్నల్ మాడ్యూళ్ళు డిస్క్ మీంచి తొలగిపోతాయి. రీబూట్ చేయకుండా వర్చువల్ మెషిన్ తెరిస్తే, అప్పటికి లోడ్ కాని మాడ్యూల్ ఏది కావాల్సొచ్చినా దొరకదు. తప్పు కేవీఎంది అనుకుని దాన్ని తీసి మళ్ళీ వేస్తూ కూర్చుంటారు. ఎక్కువకాలం సపోర్ట్ ఉండే ఎల్‌టీఎస్ కెర్నల్ కూడా పక్కన ఉంచుకుంటే, కొత్తది మొరాయించిన రోజు బూట్ మెనూలో దాన్ని ఎంచుకుని బిల్లు కొట్టొచ్చు.

వర్చువల్‌బాక్స్ కూడా ఉండనిద్దాం అనుకుంటే ఒక చిక్కుంది. 6.12 కెర్నల్ నుంచి కేవీఎం లోడ్ కాగానే ప్రాసెసర్ వర్చువలైజేషన్‌ని తన చేతిలోకి తీసుకుంటుంది, వర్చువల్‌బాక్స్ 'వాడుకలో ఉంది' అని ఎర్రర్ చూపి ఆగిపోవచ్చు. రెండింటిలో ఒకటే ఉంచుకోండి.

అభ్యాసం: పాత వర్చువల్‌బాక్స్ వీడీఐ (డిస్క్) ఫైలుంటే qemu-img convert కమాండ్‌తో క్యూకౌ2 చేసి, మొదట డిస్క్‌ని సాటా (మామూలు డిస్క్ రకం)గానే బూట్ చేసి చూడండి. దాన్ని వర్ట్ఐఓకి మార్చడం 4వ పాఠంలో.