అష్టా చమ్మా గేమ్‌లో ఎవరెవరి కోడ్ ఉంది?

మా అష్టా చమ్మా గేమ్ పూర్తయిందనుకున్న వారమే పబ్లిషర్ నుంచి మెయిల్ వచ్చింది: వాడిన బయటి లైబ్రరీలన్నీ (వేరేవాళ్లు రాసి పెట్టిన కోడ్ మూటలు) వెర్షన్, లైసెన్స్‌తో సహా రాసి పంపమని. నాకు గుర్తున్నవి మూడు. ఫోల్డర్లు తవ్వితే పదకొండు తేలాయి. రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్ర లేదు. ఆ తర్వాత అలవాటు చేసుకున్న పద్ధతి ఇది.

లైబ్రరీని ప్రాజెక్టులోకి తెచ్చిన రోజే స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరుస రాయండి: పేరు, వెర్షన్, ఎక్కడ దించుకున్నారు, లైసెన్స్ ఏమిటి, కోడ్‌లో మనం ఏమైనా మార్చామా. దానితో వచ్చిన లైసెన్స్ ఫైలును కూడా దాచుకోండి. వెర్షన్ ఎందుకంటే, తెర, కీబోర్డు, శబ్దం పనులు చూసే ఎస్‌డీఎల్ అనే లైబ్రరీ 1.2 వెర్షన్‌లో ఎల్‌జీపీఎల్ అనే లైసెన్స్ కింద ఉండేది, 2.0 నుంచి షరతులు తక్కువున్న జెడ్‌లిబ్ లైసెన్స్‌కి మారింది. పేరు అదే, షరతులు వేరు.

తర్వాత లైబ్రరీల వెనక వచ్చే లైబ్రరీలు చూడండి. తెలుగు వత్తులు సరిగ్గా పడాలని నేను తెర మీద అక్షరాలు చూపించే ఎస్‌డీఎల్ టీటీఎఫ్ తెచ్చుకుంటే, అది వాడుకునే ఫ్రీటైప్, హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీలు కూడా వచ్చాయి, పెళ్లికి ఒకరిని పిలిస్తే ఇంటిల్లిపాదీ దిగినట్టు. వాటికీ చెరో వరుస.

ఇక షరతులు. గవ్వలు దొర్లడానికి వాడిన బుల్లెట్ అనే ఫిజిక్స్ లైబ్రరీది జెడ్‌లిబ్ లైసెన్స్: క్రెడిట్ తప్పనిసరి కాదు, ఆ కోడ్ మనమే రాశామని చెప్పుకోకూడదంతే. ఎంఐటీ లైసెన్స్ అయితే కాపీరైట్ లైను, లైసెన్స్ పాఠం రెండూ గేమ్‌తో పాటే వెళ్లాలి. సెట్టింగ్స్‌లో 'లైసెన్సులు' అని ఒక పేజీ పెట్టి అన్నీ అందులో అతికించాను. మా అమ్మ పొరపాటున అది తెరిచి, "తెలుగు గేమ్ అన్నావు, ఇదంతా ఇంగ్లీషేంటే?" అంది.

నన్ను ఏడిపించింది ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో లైబ్రరీ. మొదట్లో వచ్చే ఎనిమిది సెకన్ల వీడియో కోసం ఎవరో కట్టి పెట్టిన బిల్డ్ (వాడకానికి సిద్ధంగా ఉన్న ఫైలు) దించి వాడేశాను. ఎఫ్ఎఫ్ఎంపెగ్ మామూలుగా ఎల్‌జీపీఎల్. దాన్ని గేమ్‌లో కలిపేయకుండా విడి ఫైలుగా ఉంచి, ఆటగాడు కావాలంటే మార్చుకునే వీలిచ్చి, ఆ లైబ్రరీ సోర్స్ (రాసిన అసలు కోడ్) అందుబాటులో పెడితే మన కోడ్ మన దగ్గరే ఉంటుంది. కానీ ఆ బిల్డ్ ఏ ఆప్షన్లతో కట్టారో చూస్తే అందులో 'ఎనేబుల్ జీపీఎల్' కనిపించింది. జీపీఎల్ అంటే ఎల్‌జీపీఎల్ కన్నా కఠినమైన లైసెన్స్. వీడియోను కుదించే ఎక్స్264 లాంటి జీపీఎల్ భాగాలు కలపాలంటే ఆ ఆప్షన్ పెట్టాలి. పెట్టాక మొత్తం జీపీఎల్ కిందికి వస్తుంది. అలాగే విడుదల చేస్తే మా గేమ్ సోర్స్ కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాల్సి వచ్చేది. మళ్లీ సరిగ్గా కట్టుకోవచ్చు. కానీ ఎనిమిది సెకన్లకు అంత తతంగమా? వీడియో తీసేసి, బొమ్మల వరుసతో యానిమేషన్ చేశాను. ఎఫ్ఎఫ్ఎంపెగ్ వరుస ఖాళీ అయింది.

డబ్బు తీసుకునే లైబ్రరీలకు 'ఉచితం' అన్న మాట దగ్గరే ఆగకండి. సౌండ్ కోసం చాలామంది వాడే ఎఫ్‌మాడ్‌కు చిన్న టీముల ఉచిత లైసెన్స్ ఉంది. దానికి ఆదాయం, బడ్జెట్ పరిమితులున్నాయి, ప్రాజెక్టు నమోదు చేయాలి, క్రెడిట్ చూపించాలి. లైసెన్స్ తీసుకున్న రోజే షరతుల పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. గేమ్ ఇంజిన్ కంపెనీ యూనిటీ 2023 సెప్టెంబరులో ఇన్‌స్టాల్‌కి ఇంత అని ఫీజు ప్రకటించి, ఏడాది తర్వాత రద్దు చేసింది. షరతులు మారవని నమ్మకం పెట్టుకోలేం.

కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో కోడ్ ఉండి లైసెన్స్ ఫైలు లేకపోతే వాడొద్దు. తలుపు తీసి ఉందని ఎవరింట్లోకి పడితే వాళ్లింట్లోకి వెళ్లిపోం కదా. రాసినవారికి మెయిల్ పెట్టి అడగండి. నాకు ఒకాయన మర్నాడే ఎంఐటీ ఫైలు జోడించారు.

షీటు పంపాక పబ్లిషర్ అడిగింది ఒక్కటే: మరి ఫాంటు? మేం వాడింది మండలి అనే తెలుగు ఫాంటు, దానిది ఫాంట్ల కోసమే ఉన్న ఓఎఫ్ఎల్ లైసెన్స్. గేమ్‌లో పెట్టి అమ్ముకోవచ్చు, ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ పోయిన వరుసలో దాన్ని రాసి పంపాను.