బీటు కొనే ముందు: అమ్మే సైట్‌ను పరీక్షించే పద్ధతి

ఆన్‌లైన్‌లో బీట్లు (మీద పాడుకోవడానికి సిద్ధంగా చేసిన వాద్య సంగీతం) కొనేవారు చాలామంది ముందు విని చూస్తారు, నచ్చితే ధర చూస్తారు, లైసెన్స్ పత్రాన్ని మాత్రం డబ్బు కట్టాక కూడా తెరవరు. నిజానికి అక్కడ అమ్ముడుపోయే సరుకు ఆ పత్రమే. ఆడియో ఫైలు దాని వెంట వచ్చేది. కాబట్టి బీట్‌స్టార్స్, ఎయిర్‌బిట్ వంటి ఏ సైట్‌నైనా పరీక్షించదలచినవారు వినడం కంటే చదవడంతో మొదలుపెట్టడం మేలు.

ముందుగా ఏదో ఒక బీటును ఎంచుకుని, దాని లైసెన్స్ పూర్తి పాఠం కొనకముందే కనిపిస్తుందో లేదో చూడాలి. ధర పక్కన నాలుగు ముక్కల సారాంశం మాత్రమే చూపి అసలు ఒప్పందాన్ని దాచే సైట్‌ను అక్కడితో వదిలేయవచ్చు. పాఠం దొరికితే, ఎన్ని స్ట్రీమ్‌ల వరకు అనుమతి ఉంది, గడువు ఎన్నేళ్లు, వీడియోకూ కచేరీకీ వేరే షరతులున్నాయా, పాట రచనా హక్కుల్లో ప్రొడ్యూసర్ (బీటు తయారుచేసినవారు) వాటా ఎంత అనేవి వెతకాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది పరిమితి దాటితే ఏమవుతుందనే వాక్యం: పై తరగతి లైసెన్స్‌కు మారే వీలు, దాని ధర ముందే రాసి ఉంటే సరి, లేకపోతే పాట ఆదరణ పొందిన సమయంలోనే బేరం అవతలివారి చేతిలోకి వెళుతుంది.

లీజుకూ (పరిమిత అనుమతి) ఎక్స్‌క్లూజివ్‌కూ (ఇకమీదట ఒక్కరికే ఇచ్చే అనుమతి) ఉన్న తేడాను సైట్ ఎంత నిజాయితీగా వివరిస్తుందో కూడా చూడాలి. లీజు తీసుకున్న బీటునే మరో పదిమంది తీసుకోవచ్చు. ఎక్స్‌క్లూజివ్ కొన్నంత మాత్రాన అంతకు ముందు ఇచ్చిన లీజులు మామూలుగా రద్దు కావు, చెల్లించేది ఇకమీదట ఎవరికీ అమ్మకుండా ఉండటానికే. వీడియోల్లో వాడిన ఆడియోను గుర్తుపట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీ వ్యవస్థలో ప్రత్యేక హక్కులున్న ఆడియోనే నమోదు చేయాలి గనుక, లీజు బీటుపై పాడిన పాటను అందులో పెట్టకూడదు. పెడితే అదే బీటు వాడిన ఇతరుల వీడియోలపై అన్యాయంగా క్లెయిములు పడతాయి. ఈ సంగతిని కొనేవారికి కనిపించేచోట హెచ్చరికగా రాసిన సైట్‌పై నాకు నమ్మకం పెరుగుతుంది.

శాంపిళ్ల (వేరే రికార్డింగుల నుంచి తీసుకున్న ముక్కల) విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అమెరికన్ ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్ తన ‘ఓల్డ్ టౌన్ రోడ్’ పాట కోసం యంగ్‌కియో అనే ప్రొడ్యూసర్ బీటును బీట్‌స్టార్స్‌లో 30 డాలర్లకు తీసుకున్నారు. అందులో నైన్ ఇంచ్ నెయిల్స్ అనే రాక్ బృందం రికార్డింగ్ ముక్క ఉంది. చివరకు ఆ శాంపిల్‌కు అనుమతి దొరికి, ఆ బృందానికి చెందిన ట్రెంట్ రెజ్నర్, ఆటికస్ రాస్ పేర్లు రచయితలలో చేరాయి, 2019లో ఆ పాట అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 19 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అందరికీ అలా కలిసిరాదు. శాంపిల్ వాడినట్లు బీటు పేజీలోనే చెప్పించే ఏర్పాటు సైట్‌లో ఉందా, అనుమతి తెచ్చుకునే భారాన్ని ఒప్పందం ఎవరి మీద పెట్టింది అన్నవి చూడాలి. తరచుగా అది కొన్నవారి మీదే ఉంటుంది.

ఫైళ్ల నాణ్యత తేల్చడానికి ఒక చవకైన లీజు కొని చూడటం మంచి ఖర్చు. వేవ్ ఫైలును (కుదించని ఆడియో) ఏ పౌనఃపున్యంలో ఎంత శబ్దం ఉందో చూపే స్పెక్ట్రమ్ అనలైజర్‌లో తెరిచినప్పుడు 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తిరించినట్లు అంతా ఆగిపోతే, అది తక్కువ బిట్‌రేట్ ఎంపీ3ని వేవ్‌గా మార్చినదని అనుమానించాలి. స్టెమ్స్ (ఒక్కో వాయిద్యానికి విడివిడిగా ఇచ్చే ఫైళ్లు) తీసుకుంటే, అన్నిటినీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో సున్నా సమయం దగ్గర పెట్టి ఒకేసారి వినిపించాలి. మాస్టరింగ్ (పూర్తయిన పాటకు చేసే తుది మెరుగు) ప్రభావం వల్ల శబ్ద తీవ్రత కొంత మారవచ్చు గానీ, కిక్ డ్రమ్మూ బేసూ తాళం తప్పితే లేదా ఒక వాయిద్యమే మాయమైతే ఆ స్టెమ్స్‌ను ఎవరూ సరిచూడకుండానే పెట్టారన్నమాట. పేజీలో రాసిన బీపీఎమ్ (నిమిషానికి ఎన్ని తాళపు దెబ్బలో చెప్పే లెక్క), శ్రుతి కూడా అక్కడే తేలిపోతాయి.

వెతికే సౌకర్యం, పేజీల అందం వంటివి పది నిమిషాల్లో తెలిసిపోతాయి. ఫిర్యాదుకు జవాబిచ్చేది సైటా, ప్రొడ్యూసరా అన్నది మాత్రం కొనకముందే ఒక ప్రశ్న పంపి తెలుసుకోవాలి. కొన్న తరువాత లైసెన్స్ పీడీఎఫ్, రసీదు, ఆ రోజు బీటు పేజీ స్క్రీన్‌షాట్ సొంత కంప్యూటర్‌లో దాచుకోవాలి, ఎందుకంటే ప్రొడ్యూసర్ తన ఖాతా మూసేస్తే ఆ పేజీ మళ్లీ దొరకకపోవచ్చు.