పాత బోర్డులో పార్టులు గుర్తుపట్టడం, ఎల్‌ఈడీకి రెసిస్టర్ లెక్క కట్టడం

పాడైన ఛార్జరో సెట్‌టాప్ బాక్సో విప్పారా? ముందు అందులో లావుగా ఉన్న కెపాసిటర్ (కరెంటుని నిల్వ ఉంచుకునే పార్టు) సంగతి చూడండి. 230 వోల్టుల ఏసీ డీసీగా మారితే దాని మీద దాదాపు 325 వోల్టులు ఉంటాయి, ప్లగ్ పీకేశాక కూడా కాసేపు పోకపోవచ్చు. మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, సున్నా దగ్గరికి వచ్చిందని చూశాకే చెయ్యి పెట్టండి.

రెసిస్టర్ రంగులు ఇవి: నలుపు 0, బ్రౌన్ 1, ఎరుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలం 6, ఊదా 7, బూడిద 8, తెలుపు 9. బంగారు గీత కుడివైపు ఉండేలా పట్టుకుని ఎడమ నుంచి చదివితే మొదటి రెండూ అంకెలు, మూడోది సున్నాల సంఖ్య. అంటే పసుపు, ఊదా, బ్రౌన్ ఉంటే 470 ఓములు. వేడికి మాడిన వాటిలో ఎరుపేదో బ్రౌనేదో తేలదు, మీటర్‌తోనే కొలవాలి, అదీ ఒక కాలు బోర్డు నుంచి ఊడదీసి, లేకపోతే పక్క పార్టులు కూడా కలిసి తక్కువ చూపిస్తుంది.

సిరామిక్ కెపాసిటర్ మీద 104 అని ఉంటే 10 పక్కన నాలుగు సున్నాలు, పికోఫారడ్‌లలో; అదే 0.1 మైక్రోఫారడ్. డబ్బా లాంటి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కి గీత ఉన్న వైపు మైనస్. డయోడ్‌కి గీత ఉన్న వైపు కాథోడ్, అంటే కరెంటు బయటికి వెళ్లే కాలు.

ట్రాన్సిస్టర్ లాంటి మూడు కాళ్ల పార్టుల్ని మాత్రం ఆకారం చూసి నమ్మొద్దు. చదును వైపు మనకేసి, కాళ్లు కిందికి పెడితే బీసీ547కి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. అచ్చం అలాగే ఉండే 2ఎన్3904కి వరుస సరిగ్గా తలకిందులు. నంబర్ చదివి డేటాషీట్ (తయారీ కంపెనీ ఇచ్చే వివరాల కాగితం) చూడాల్సిందే.

ఇక లెక్క. వోల్టులు = ఆంపియర్లు × ఓములు, వాట్లు = వోల్టులు × ఆంపియర్లు. ఈ రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు, రెసిస్టర్లు మాడేది అక్కడే. 12 వోల్టులకి ఒక ఎర్ర ఎల్‌ఈడీ పెడుతున్నారనుకోండి. అది సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన 10 రెసిస్టర్ మీద పడాలి. 20 మిల్లీ ఆంపియర్లు కావాలంటే 10 ÷ 0.02 = 500 ఓములు, కానీ వాట్లు 10 × 0.02 = 0.2, పావు వాట్ రెసిస్టర్‌కి అంచు మీదే ఉన్నట్టు. అదే బైక్ బ్యాటరీ అయితే ఇంజన్ నడిచేటప్పుడు 14 వోల్టులు దాటొచ్చు కూడా. నేనైతే 1 కిలో ఓమ్ (బ్రౌన్, నలుపు, ఎరుపు) వేస్తాను: సుమారు 10 మిల్లీ ఆంపియర్లు, 0.1 వాట్, ఇండికేటర్‌కి ఆ వెలుతురు బోలెడు.