రోహిణి కార్తెలో గేమింగ్ ల్యాప్‌టాప్: బెజవాడ ఎండలో వేడి తగ్గించుకునే పద్ధతి

ఏసీ లేని గదిలో, అందులోనూ పై అంతస్తులో, మే నెలలో కూర్చుని గేములు ఆడే బెజవాడ, గుంటూరు వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. యూట్యూబ్‌లో చూసే టెంపరేచర్ టెస్టులు ఎక్కువగా ఏసీ గదుల్లో, 22, 24 డిగ్రీల దగ్గర చేసినవి. మన గది మధ్యాహ్నం రెండింటికి 38 దాటి ఉంటుంది. ఏ ఫ్యాన్ అయినా, ఎంత పెద్ద హీట్‌సింక్ (చిప్ వేడిని లాగి గాలికి వదిలే రాగి గొట్టాలు, రెక్కలు) అయినా చిప్‌ని గది గాలి కంటే చల్లగా చేయలేదు, గది గాలికీ చిప్‌కీ మధ్య తేడాని మాత్రమే తగ్గించగలదు. అక్కడ 82 దగ్గర హాయిగా నడిచే మెషిన్ ఇక్కడ 97 కి చేరి స్పీడు తగ్గించుకుంటుందంటే ల్యాప్‌టాప్ పాడైందని కాదు, లెక్క అంతే.

ఇలాంటప్పుడు అందరూ ముందుగా కూలింగ్ ప్యాడ్ కొంటారు. నన్నడిగితే అది చివర్లో ఆలోచించాల్సిన వస్తువు. అది వీచేది కూడా ఆ 38 డిగ్రీల గాలే కదా. ముందు మెషిన్ పుట్టించే వేడిని తగ్గించాలి, తర్వాత గాలి దారి శుభ్రం చేయాలి. ఈ రెండూ చేశాక ప్యాడ్ అవసరం చాలామందికి రాదు.

మొదట అసలు పరిస్థితి ఏంటో చూసుకోండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, సెన్సార్స్ ఓన్లీ పెట్టి, అరగంట మామూలుగా ఆడే గేమే ఆడి, మ్యాక్సిమం అన్న కాలమ్ చూడండి. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు 95 నుంచి 105 మధ్య ఎక్కడో ఒకచోట తమంతట తామే స్పీడు తగ్గించుకుంటాయి. థర్మల్ థ్రాట్లింగ్ అన్న లైన్ దగ్గర ఎస్ అని ఉంటే మీ మెషిన్ ఆ హద్దుకి చేరిందన్నమాట. ఎప్పుడో ఒక క్షణం 95 తగిలితే టెన్షన్ పడక్కర్లేదు. ఆడినంతసేపూ అక్కడే కూర్చుంటే మాత్రం పని ఉంది.

ఇంకో పరీక్షకి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. గేమ్ నడుస్తుండగా వెనకున్న గాలి కన్నాల దగ్గర చెయ్యి పెట్టండి. ఫ్యాన్ చప్పుడు గట్టిగా ఉండి గాలి మాత్రం బలహీనంగా వస్తుంటే లోపల దుమ్ము అడ్డుపడింది. గాలి ధారాళంగానే వస్తోంది, గోరువెచ్చగానే ఉంది, కానీ స్క్రీన్ మీద ప్రాసెసర్ 98 చూపిస్తోంది అంటే వేడి చిప్ నుంచి రాగి దాకా సరిగ్గా చేరట్లేదు, అనుమానం ఆ రెండిటి మధ్య వేడిని చేరవేసే థర్మల్ పేస్ట్ మీద. గాలి బలంగా, చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తోందంటే కూలింగ్ తన పని తాను చేస్తోంది, మీరే దానికి మించి పని చెబుతున్నారు. ఈ మూడోదే ఎక్కువమందికి ఉండేది, దానికి పరిష్కారం సెట్టింగుల్లోనే ఉంది.

ఫ్రేమ్ రేట్‌కి, అంటే సెకనుకి గేమ్ తీసే బొమ్మల సంఖ్యకి (ఎఫ్‌పీఎస్), హద్దు పెట్టడంతో మొదలుపెట్టండి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మ్యానేజ్ 3డి సెట్టింగ్స్‌లోకి వెళ్తే మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ అని ఉంటుంది, 2020 జనవరి డ్రైవర్ నుంచీ ఈ సౌకర్యం ఉంది. కథ ఉన్న గేములకి 60 పెట్టేయండి. వాలరెంట్ లాంటి పోటీ షూటింగ్ గేములు ఆడేవాళ్ళు 60 కి ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. స్క్రీన్ 144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చేది) అయితే 144 దగ్గర ఆపండి, 250 ఫ్రేములు తీసి అందులో వందకి పైగా స్క్రీన్ మీదకి రాకుండా పోవడానికి కరెంటు కాల్చడమెందుకు? అదే గేమ్ సెట్టింగుల్లో మెనూలో ఉన్నప్పుడు, బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్నప్పుడు ఎఫ్‌పీఎస్‌కి వేరువేరు హద్దులు పెట్టుకోవచ్చు, రెండూ 30 చేసేయండి. మ్యాచ్ దొరికేదాకా లాబీలో కూర్చున్నంతసేపూ ఫ్యాన్లు అరవడం అక్కడితో ఆగిపోతుంది.

తర్వాత ప్రాసెసర్ టర్బో, అంటే పని ఎక్కువైనప్పుడు ప్రాసెసర్ తన మామూలు స్పీడు మించి పరుగెత్తడం. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్, అక్కడ మ్యాక్సిమం ప్రాసెసర్ స్టేట్ 100 ఉన్నచోట 99 చేయండి. ఒక్క అంకె తేడానే, కానీ దాంతో టర్బో బూస్ట్ ఆగిపోతుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ చిప్‌కీ రాగి గొట్టాలు చాలావరకు ఉమ్మడే కాబట్టి ఒకటి చల్లబడితే రెండోదానికి ఊపిరాడుతుంది. ప్రాసెసర్ మీద ఎక్కువగా ఆధారపడే గేముల్లో ఫ్రేములు కొంత పడిపోతాయి, అది నచ్చకపోతే మళ్ళీ 100 చేసుకోవడానికి అర నిమిషం పట్టదు. నా మటుకు వేసవి మూడు నెలలూ 99, వానలు పడ్డాక 100.

గ్రాఫిక్స్ చిప్‌కి ఓల్టేజి తగ్గించడం, అంటే అండర్‌వోల్టింగ్, వీటన్నిటిలోకీ నాకు బాగా నచ్చిన పని. స్పీడు దాదాపు అలాగే ఉంటుంది, వాట్లు తగ్గుతాయి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ తెరిచి కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే ఒక గీత కనపడుతుంది, కింద ఓల్టేజి, పక్కన స్పీడు. ఆడేటప్పుడు మీ చిప్ మామూలుగా ఎంత స్పీడు దగ్గర నిలబడుతోందో ముందే రాసి పెట్టుకోండి. ఇప్పుడు గీతలో 850 మిల్లీవోల్టుల దగ్గరున్న చుక్కని ఆ స్పీడు దాకా పైకి లాగి, దాని కుడివైపు చుక్కలన్నీ దాన్ని మించకుండా సమం చేసి అప్లై కొట్టండి. గేమ్ క్రాష్ అయినా, స్క్రీన్ ఒక్కసారి నల్లబడి వచ్చినా భయపడొద్దు. మీ చిప్‌కి ఆ ఓల్టేజి చాలలేదంతే, 25 పెంచి మళ్ళీ చూడండి. ఒకే మోడల్ రెండు ల్యాప్‌టాప్‌లు కొన్నా రెండిటికీ ఒకే అంకె కుదరదు, అందుకని ఫ్రెండ్ సెట్టింగు కాపీ కొట్టకుండా మీ చిప్‌కి సరిపోయేది మీరే వెతుక్కోవాలి. ప్రాసెసర్‌కి కూడా ఇలా చేసే వీలు పాత ఇంటెల్ మోడళ్ళలో ఉండేది. 2019 చివర్లో ప్లండర్‌వోల్ట్ అనే సెక్యూరిటీ లోపం బయటపడ్డాక చాలా కంపెనీలు బయోస్‌లో (మెషిన్ ఆన్ అవగానే ముందుగా నడిచే సాఫ్ట్‌వేర్) దాన్ని మూసేశాయి.

ఇక దుమ్ము. మన దగ్గర ఇది మామూలు విషయం కాదు. ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ స్టేషన్ బూడిద, రోడ్డు పక్క ఇళ్ళకి లారీల దుమ్ము, గుంటూరులో మిర్చి యార్డు చుట్టుపక్కల ఉండేవాళ్ళకి గాలిలోనే మిరప ఘాటు. అలాంటి ఇంట్లో వాడిన ల్యాప్‌టాప్ తెరిచి బ్లోయర్ పట్టాలంటే మూతికి గుడ్డ కట్టుకుని, మేడ మీదకో వరండాలోకో తీసుకెళ్ళి పట్టండి, గదిలో వద్దు.

చాలామంది కింది కన్నాల్లోకి బయటినుంచే గాలి కొట్టి అయిపోయిందనుకుంటారు. అసలు అడ్డం ఉండేది ఫ్యాన్‌కీ, రాగి రెక్కలకీ మధ్యనున్న సందులో. అక్కడ దుమ్ము, నూలు పోగులు, వెంట్రుకలు కలిసి బూడిదరంగు అట్టలా పేరుకుని ఉంటాయి, ఫ్యాన్ విప్పితే పట్టకారుతో ఒక్క ముక్కగా ఊడి వచ్చేంత గట్టిగా. బయటినుంచి కొట్టిన గాలికి అది కదలదు.

వారంటీ ఉన్నవాళ్ళు సొంతంగా విప్పొద్దు, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళండి. వారంటీ అయిపోయి, చేతికి పని అలవాటున్నవాళ్ళయితే మీ మోడల్ నంబర్‌తో విప్పే వీడియో ఒకటి పూర్తిగా చూశాకే స్క్రూడ్రైవర్ పట్టుకోండి. షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసేసి, కింది మూత స్క్రూలు ఒక కాగితం మీద వాటి స్థానాల ప్రకారమే పెట్టుకోండి, పొట్టివీ పొడుగువీ ఉంటాయి, పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే లోపల ఏదో ఒకటి పగులుతుంది. మూత తీయగానే అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్ లాగేయాలి. ఆ తర్వాత ఫ్యాన్ విప్పి, అట్ట తీసి, మెత్తటి బ్రష్‌తో రెక్కలు దులపండి. బ్లోయర్ వాడేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోవాలి. ఆ గాలి స్పీడుకి అడ్డూ ఆపూ లేకుండా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. ఇళ్ళు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్‌ని మాత్రం బోర్డు దగ్గరకి తీసుకురావద్దు, దాని స్టాటిక్‌తో చిప్‌కి ప్రమాదం.

షాపులో చేయిస్తే, గవర్నర్‌పేట వెళ్ళినా మీ వీధి చివర షాపుకి వెళ్ళినా, రేటు ముందే మాట్లాడుకుని మీ ఎదురుగానే విప్పమనండి. ఏ పేస్ట్ వేస్తున్నారో అడగండి, ట్యూబ్ చూపించమనండి. పేరులేని తెల్ల పేస్ట్ అయితే వద్దని, మీరే ఆర్కిటిక్ ఎంఎక్స్-6 లాంటిది కొని తీసుకెళ్ళండి. ఇంకా మంచిది హనీవెల్ పీటీఎం 7950, ఇది పేస్ట్ కాదు, పలచటి షీట్. వేడికి మెత్తబడి సందుల్లోకి పాకుతుంది, పేస్ట్‌లా నెలలు గడిచేకొద్దీ చిప్ అంచులకి జారిపోదు. రోజూ వేడెక్కి చల్లారే మన మెషిన్లకి సరిగ్గా సరిపోయేది ఇదే. నకిలీలు బాగా తిరుగుతున్నాయి, నమ్మకమైన అమ్మకందారు దగ్గరే కొనండి. అసూస్ రాగ్ లాంటి కొన్ని మోడళ్ళలో కంపెనీయే పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్ వేస్తుంది. అది కరెంటు పారే లోహం, ఒక్క చుక్క బోర్డు మీద పడితే మెషిన్ పోతుంది. మీది అలాంటిదైతే ఫ్యాన్ల వరకే శుభ్రం చేసి హీట్‌సింక్ జోలికి పోకండి.

ల్యాప్‌టాప్‌ని మంచం మీద, దుప్పటి మీద పెట్టి ఆడకూడదని మీకూ తెలుసు. టేబుల్ మీద కూడా వెనకవైపు కాళ్ళ కింద రెండు సీసా మూతలు పెట్టి ఎత్తండి, పైసా ఖర్చు లేకుండా ఫ్యాన్లకి గాలి అందుతుంది.

గది సంగతికొస్తే, పై అంతస్తు శ్లాబు పగలంతా పీల్చిన వేడిని అర్ధరాత్రి దాకా వదులుతూనే ఉంటుంది, సీలింగ్ ఫ్యాన్ ఆ వేడినే కిందకి తోస్తుంది. దానికి తోడు గేమింగ్ ల్యాప్‌టాప్ 200 వాట్లు తీసుకుంటే ఆ 200 వాట్లూ చివరికి గదిలో వేడిగానే మిగులుతాయి, పాతకాలం 60 వాట్ల బల్బులు మూడు వెలిగించి పక్కన పెట్టుకున్నట్టే. తలుపులన్నీ మూసుకుని ఆడకండి, కిటికీ తీసి టేబుల్ ఫ్యాన్‌ని బయటకి తిప్పి పెట్టండి, సాయంత్రం బయట చల్లబడ్డాక దీనికి మంచి ఫలితం ఉంటుంది. వీలున్నవాళ్ళు పెద్ద గేములు తెల్లవారుజామున ఐదు నుంచి ఎనిమిది లోపు ఆడుకోండి, రోజు మొత్తంలో మన ఊళ్ళో గాలి చల్లగా ఉండేది అప్పుడే.

ఎయిర్ కూలర్ గాలిని నేరుగా ల్యాప్‌టాప్ మీదకి పెట్టొద్దు. వడగాడ్పులు వీచే రోజుల్లో కూలర్ బాగా పనిచేస్తుంది, కానీ అది తెచ్చే తేమ, ఒక్కోసారి సన్నటి తుంపర, ఫ్యాన్లు లోపలికి లాగేస్తాయి. కూలర్ మీ వీపు వైపు, కిటికీ తెరిచి, మెషిన్ పక్కకి ఉండాలి. జూన్‌లో గాలిలో తేమ పెరిగాక కూలర్ వల్ల ఉక్కపోతే తప్ప చల్లదనం రాదు, అప్పుడు ఆపేయండి. ఏసీ ఉంటే 26 పెట్టి ఫ్యాన్ వేసుకుంటే సరిపోతుంది.

బ్యాటరీని మర్చిపోవద్దు, వేసవిలో నిశ్శబ్దంగా పాడయ్యేది అదే. లిథియం బ్యాటరీకి వేడి ఒక శత్రువు, ఫుల్ చార్జి ఇంకో శత్రువు, రెండూ కలిస్తే మరీ త్వరగా పాడవుతుంది. బ్యాటరీ యూనివర్సిటీ అనే వెబ్‌సైట్ లెక్క ప్రకారం 40 డిగ్రీల దగ్గర 100 శాతం చార్జితో ఏడాది ఉంచితే సామర్థ్యం 65 శాతానికి పడిపోతుంది, అదే వేడిలో 40 శాతం చార్జితో ఉంచితే 85 మిగులుతుంది. ఎప్పుడూ చార్జర్ పెట్టే ఆడతారు కాబట్టి మై అసూస్, లెనోవో వాంటేజ్ లాంటి మీ కంపెనీ యాప్‌లో చార్జింగ్ హద్దు 80 శాతమో అంతకంటే తక్కువో పెట్టుకోండి.

ఫోన్‌లో బీజీఎంఐ లాంటి గేములు ఆడేవాళ్ళకి కూడా సూత్రం ఇదే. ఐఫోన్ వాడదగిన వాతావరణం 35 డిగ్రీల వరకే అని ఆపిల్ స్వయంగా చెబుతుంది, మన గది దానికంటే వేడి. కవర్ తీసేయండి, గ్రాఫిక్స్ స్మూత్‌లో పెట్టండి, బ్రైట్‌నెస్ తగ్గించండి, చార్జింగ్ పెట్టి ఆడకండి. తప్పదనుకుంటే బైపాస్ చార్జింగ్ ఉన్న ఫోన్లలో అది ఆన్ చేయండి. కొన్ని శాంసంగ్ ఫోన్లలో గేమ్ బూస్టర్ లోపల పాజ్ యూఎస్‌బీ పవర్ డెలివరీ అని ఉంటుంది, కరెంటు బ్యాటరీలోకి పోకుండా నేరుగా ఫోన్‌కే అందుతుంది. వెనక క్లిప్పులా పెట్టే, కరెంటుతో ఒకవైపు చల్లబడే పెల్టియర్ కూలర్లు నిజంగానే చల్లబరుస్తాయి, కానీ జూన్, జూలై ఉక్కలో ఫుల్‌లో పెడితే ఫోన్ వీపు మీద నీటి చుక్కలు పడతాయి, మధ్యస్థంగా పెట్టి అప్పుడప్పుడూ వేలితో తడిమి చూసుకోండి. వేడెక్కిన ఫోన్‌ని ఫ్రిజ్‌లో పెట్టడం ఇంకా ప్రమాదం, అప్పుడు ఆ చుక్కలు పట్టేది లోపల.

ప్లేస్టేషన్ 5 ఉన్నవాళ్ళు దాన్ని టీవీ యూనిట్ అరలోంచి బయటకి తీసి చుట్టూ ఖాళీ ఉండేలా పెట్టండి. పక్క కవర్లు ఊడదీస్తే దుమ్ము చేరే కన్నాలు ఉంటాయి, సోనీ వాటిని పెట్టింది శుభ్రం చేసుకోవడానికే. వాటి వరకూ దుమ్ము లాగేసి కవర్లు బిగించేయండి. దాని చిప్ మీద కూడా లిక్విడ్ మెటలే ఉంది కాబట్టి అంతకంటే లోపలికి వెళ్ళాల్సి వస్తే తెలిసినవాళ్ళకే ఇవ్వండి.