వృద్ధాశ్రమంలో అంటువ్యాధులు ఒకరి నుంచి ఒకరికి పాకకుండా ఎలా చూసుకోవాలి?

వృద్ధాశ్రమంలో ఉండే పెద్దవారు గడప దాటి వెళ్లేది తక్కువ. వారికి జలుబో, విరేచనాలో, గజ్జో వచ్చిందంటే చాలావరకు దాన్ని బయటి నుంచి ఎవరో మోసుకొచ్చినట్టే. ఆ తరువాత మంచం నుంచి మంచానికి చేరవేసేది ఎక్కువగా సేవచేసే చేతులే. కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో అద్దె ఇళ్లలో, ఒక్కో హాలులో ఎనిమిది పది మంచాలు వేసి నడిపే చిన్న ఆశ్రమాలను దృష్టిలో ఉంచుకుని ఈ జాగ్రత్తలు రాస్తున్నాను.

సిబ్బందితో మొదలుపెట్టండి

జ్వరం, దగ్గు, వాంతులు, విరేచనాలు ఉన్నవారు పనిలోకి రాకుండా చూడాలి. గోడమీద నోటీసు అంటించినంత మాత్రాన ఇది జరగదు. సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుందని తెలిసిన ఆయమ్మ ఒక మాత్ర వేసుకుని, జ్వరం దాచుకుని వస్తుంది. అందుకు ఆమెను తప్పుపట్టలేము. అలాంటి రోజులకు జీతం కోయబోమని ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవాలి. వాంతులు, విరేచనాలు తగ్గిన తరువాత కూడా 48 గంటల పాటు ఆమెను వంటగదిలోకి, మంచాల వద్దకు రానివ్వకూడదు, ఎందుకంటే వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ వంటి క్రిములు బాగైనట్టు కనిపించే మనిషి నుంచి కూడా పాకుతాయి. ఆశ్రమం కొనే ఏ ఫినాయిలు కంటే ఈ రెండు రోజుల జీతమే ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం.

చేతులు కడుక్కోవడం సులువు చేయండి

ఒకరోజు ఉదయం ఆరు గంటలకు హాలులో పక్కన నిలబడి చూడండి. మొదటి మంచం మీది అవ్వకు డైపర్ మార్చిన చేతులతోనే రెండో అవ్వ నోటికి నీళ్ల గ్లాసు అందుతుంది. మూడో ఆమె మొహం తుడిచిన తువాలే నాలుగో ఆమె మొహం మీదికి వెళ్తుంది. కుళాయి హాలు చివర ఎక్కడో ఉంటే ప్రతి మంచానికీ అక్కడిదాకా నడిచే ఓపిక ఎవరికీ ఉండదు. అందువల్ల కుళాయి బిగించిన డ్రమ్మును హాలు మధ్యలోనే ఒక బల్లపై పెట్టి, కింద బకెట్టు, పక్కన సబ్బు ఉంచాలి. ప్రతి మనిషికీ సేవచేసిన తరువాత కనీసం 20 సెకన్లు సబ్బుతో రుద్ది కడుక్కోవాలి. గ్లవుజులు ఒకరికి వాడినవి ఇంకొకరికి వాడరాదు, తీసేశాక కూడా చేతులు కడగాలి. శానిటైజర్ జలుబు, ఫ్లూ క్రిములపై పనిచేస్తుంది కానీ నోరోవైరస్‌పై దాన్ని నమ్ముకోలేము కాబట్టి, విరేచనాలు మొదలైన రోజుల్లో సబ్బూ నీళ్లే వాడాలి. ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లతో నెట్టుకొచ్చే ఆశ్రమాలు పొదుపు ఇంకెక్కడైనా చేసుకోవచ్చు, ఇక్కడ మాత్రం వద్దు.

తువాలు, దువ్వెన, గోళ్లు తీసే కత్తెర ఎవరివి వారికే ఉండాలి. నెలకోసారి వచ్చే మంగలి ఒకే బ్లేడుతో ఇద్దరికి గడ్డం గీయకుండా దగ్గరుండి చూడాలి.

నీళ్లు, తిండి

బిందెలో గ్లాసు ముంచే అలవాటు మాన్పించి, కుళాయి ఉన్న పాత్ర పెట్టాలి. తొట్టెలోని నీటికి, వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి కలిపి, ఒక గంట ఆగి వాడాలి. గడ్డకట్టి వాసన పోయిన పొడి పనికిరాదు.

దాతల సంగతి కాస్త మొహమాటమైనది. పుట్టినరోజుకో, పెద్దల తిథికో ఆశ్రమంలో అన్నం పెట్టించడం మన దగ్గర బాగా ఉన్న ఆచారం, చాలా ఆశ్రమాలు దాని మీదే నడుస్తున్నాయి కూడా. అయితే తెల్లవారుజామున వండిన చిత్రాన్నం, పెరుగన్నం ఆటోలో ఊరంతా తిరిగి మధ్యాహ్నం ఒంటిగంటకు చేరితే, మన ఎండల్లో అది అప్పటికే పెద్దవారికి పెట్టదగినదిగా ఉండదు. వేడి ఎక్కువగా ఉన్న రోజుల్లో వండిన పదార్థాన్ని గంటకు మించి బయట ఉంచకూడదు. బియ్యం, కందిబేడలు, నూనె ఇప్పించి ఆశ్రమం వంటగదిలోనే వండించమని దాతలను అడగండి. కారణం చెబితే నొచ్చుకునేవారు తక్కువే. దగ్గు, జలుబు ఉన్న బంధువులు ఆ వారానికి రాకుండా ఫోనులో మాట్లాడితే చాలు.

జబ్బును ముందుగా పసిగట్టండి

పెద్దవారిలో అంటువ్యాధి ఎప్పుడూ జ్వరంతోనే మొదలుకాదు. నిన్నటిదాకా రెండు ముద్దల సంగటి తిన్న తాత ఈరోజు ఒకటి కూడా తినకపోవడం, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం, నిలబడబోయి పడిపోవడం, పగలంతా మత్తుగా ఉండటం మొదటి గుర్తులు కావచ్చు. ఆరోగ్యంగా ఉన్నప్పటి ఉష్ణోగ్రతను ప్రతివారి పేరు ఎదుట ఒక పుస్తకంలో రాసి పెట్టాలి. 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, మామూలు కంటే 2 డిగ్రీలు పెరిగినా వైద్యుడికి చెప్పాలి. మూడు రోజుల్లో ఇద్దరికి ఒకే రకం లక్షణాలు కనిపిస్తే దాన్ని యాదృచ్ఛికం అనుకోకుండా, వ్యాప్తి మొదలైందనే భావించి పనిచేయాలి. ఫ్లూ మందులు మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి, కాబట్టి రేపు చూద్దామనుకోవడం మంచిది కాదు. రెండు వారాలు దాటిన దగ్గుకు తప్పనిసరిగా కళ్లె పరీక్ష చేయించాలి. క్షయ పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

వాంతి, విరేచనం శుభ్రం చేసేటప్పుడు

మాస్కు, గ్లవుజులు వేసుకుని, ముందు పాత కాగితాలతో కప్పి తీసేయాలి. తరువాత లీటరు నీటికి 15 గ్రాముల బ్లీచింగ్ పొడి కలిపిన ద్రావణం పోసి, పది నిమిషాలు వదిలి తుడవాలి. బాత్రూములు కడిగే యాసిడ్‌ను ఈ ద్రావణంలో ఎప్పుడూ కలపకూడదు, వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. రోగికి ఓఆర్ఎస్ ప్యాకెట్టును లీటరు నీటిలో కలిపి, 24 గంటల లోపే వాడాలి. మూత్రం తగ్గినా, మత్తు పెరిగినా 108కి ఫోన్ చేయాలి.

గజ్జిని అందరికీ ఒకే రోజు వైద్యంతో ఎదుర్కోండి

ఆశ్రమాల్లో దీన్ని ఎక్కువగా చిన్నచూపు చూస్తారు. రాత్రిళ్లు పెరిగే దురద, వేళ్ల సందుల్లో, మణికట్టు వద్ద, నడుము చుట్టూ పొక్కులు కనిపిస్తే అనుమానించాలి. మొదటిసారి సోకినవారికి దురద మొదలయ్యేసరికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోగా వారు తెలియకుండానే ఇతరులకు అంటిస్తారు. దురద ఉన్న ఒక్కరికే మందు రాసి ఊరుకుంటే, నెల తిరిగేసరికి అదే గజ్జి పక్క మంచం నుంచి మళ్లీ వస్తుంది. వైద్యుడి సలహాతో 5 శాతం పెర్మెత్రిన్ క్రీమును, దురద లేని సిబ్బందితో సహా వారితో మెలిగిన అందరికీ, ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ల దాకా రాయాలి. పెద్దవారికి తలకు, చెవుల వెనుక కూడా రాయాలి. 8 నుంచి 14 గంటల తరువాత స్నానం చేయించి, వారానికి మళ్లీ ఒకసారి రాయాలి. ఆ రోజే దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతకలేనివాటిని సంచిలో మూట గట్టి మూడు రోజులు పక్కన పెడితే, మనిషి చర్మం అందక గజ్జి తెచ్చే సన్న పురుగులు చస్తాయి. ఎండకు కరువు లేని జిల్లాల్లో బట్టలు ఎండలో ఆరేయడం ఖర్చులేని పని.

వేరుగా ఉంచడం

జబ్బుపడినవారికి వేరే గది, వీలైతే వేరే బాత్రూము ఇవ్వాలి. గది లేకపోతే మంచాలను ఆరడుగుల దూరం జరిపి, కిటికీలు తెరవాలి. ఒకే ఆయమ్మ వారిని చూసుకోవాలి, రెండు వైపులా తిరగకూడదు. ఫ్లూ అయితే లక్షణాలు మొదలైన నాటి నుంచి కనీసం ఏడు రోజులు వేరుగా ఉంచాలి. ఏటా ఫ్లూ టీకా, వయసును బట్టి న్యుమోనియా నుంచి కాపాడే న్యుమోకోకల్ టీకా గురించి ముందే వైద్యుడిని అడగాలి. సిబ్బందికీ ఫ్లూ టీకా వేయించాలి.

వేరే గదిలో పెట్టిన అవ్వ, నన్ను వదిలేశారనుకుని అన్నం మానేయడం తరచుగా జరుగుతుంది. ఎందుకు పెట్టారో ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పి, మంచాన్ని కిటికీ పక్కకు జరిపి, రోజుకు రెండుసార్లు పిల్లలతో ఫోనులో మాట్లాడించండి. ఏ రోజు తిరిగి హాలులోకి తీసుకొస్తారో, ఆ తేదీ చుట్టూ ఆమెకు కనిపించేలా గోడ క్యాలెండరులో గీత గీసి ఉంచండి.