ఇంట్లో రోగిని చూసుకునేవారు కుంగిపోకుండా ఉండాలంటే

పక్షవాతం వచ్చిన తండ్రినో, మతిమరుపు వ్యాధితో ఉన్న తల్లినో, మంచం పట్టిన భార్యనో భర్తనో నెలల తరబడి ఒంటిచేత్తో చూసుకునేవారికి వచ్చే అలసట ఒక రాత్రి కంటినిండా నిద్రపోతే తీరేది కాదు. చాలాసార్లు అది ముందుగా గొంతులో బయటపడుతుంది. రాత్రి రెండింటికి మూడోసారి పిలుపు వినపడినప్పుడు “వస్తున్నా” అన్న మాట పళ్ల బిగువున వస్తుంది, దుప్పటి సర్దే చేయి కాస్త విసురుగా లాగుతుంది, ఆ మరుక్షణమే సిగ్గూ దుఃఖమూ కలిసి ముంచుకొస్తాయి. తమకు ప్రేమ తగ్గిపోయిందేమోనని ఎందరో ఆ క్షణంలో తమను తాము నిందించుకుంటారు. అది అన్యాయం. సంరక్షకులపై పడే భారాన్ని అంచనా వేయడానికి వైద్యులు వాడే జారిట్ ప్రశ్నావళిలోని 22 ప్రశ్నల్లో, రోగి దగ్గరున్నప్పుడు మీకు కోపం వస్తోందా అన్నది కూడా ఒకటి. అంత సూటిగా అడుగుతున్నారంటే ఆ కోపం ఎందరికి వస్తుందో ఊహించుకోవచ్చు.

ఈ భారం శరీరం మీద కూడా పడుతుంది. 1995లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, మతిమరుపు వ్యాధి ఉన్న బంధువులను చూసుకుంటున్న 13 మంది మహిళలకు చేతిపై చేసిన చిన్న గాయం మానడానికి, అలాంటి బాధ్యత లేని అదే వయసు మహిళల కంటే సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. కాబట్టి విశ్రాంతిని పనులన్నీ అయ్యాక మిగిలితే తీసుకునేదిగా కాక, రోగికి వేసే మందులాగే వేళ తప్పకూడనిదిగా చూడాలి.

అందుకు అడ్డుపడేది పనుల సంఖ్య కంటే, ఆ పనులన్నీ ఒక్కరి తలలోనే ఉండిపోవడం. మీరు పక్కకు వెళ్తే ఏం చేయాలో మరొకరికి తెలియదు కాబట్టి మీరు వెళ్లలేరు. అందుకే మొదట ఒక నోటుపుస్తకం మొదలుపెట్టండి. ఏ మాత్ర ఏ వేళకు, తినకముందా తిన్నాకా అన్నది రాస్తే సరిపోదు. మీరు అలవాటుగా చేసేస్తూ, ఎవరికైనా చెప్పాలని కూడా తట్టని సంగతులే అందులో ముఖ్యం: “మాత్ర వేశాక నోరు తెరిపించి చూడాలి, బుగ్గన దాచుకుంటారు”, “కుడి చెవి వినపడదు, ఎడమ పక్కన కూర్చుని మాట్లాడాలి”, “సాయంత్రం లైటు వేయడం ఆలస్యమైతే కంగారు పడతారు”. ఇవన్నీ ఒకచోట కూర్చుని గుర్తుతెచ్చుకుంటే సగం జారిపోతాయి కనుక, మూడు రోజులపాటు పుస్తకం చేతికందేలా పెట్టుకుని పని చేస్తూ రాయండి. రాత్రి ఎన్నిసార్లు లేవవలసి వచ్చిందో కూడా వేళతో సహా రాయండి.

ఆ తర్వాత సాయం అడగాలి. “ఏమైనా కావాలంటే చెప్పు” అన్న బంధువుకు “అలాగే” అని ఊరుకుంటే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. “ప్రతి బుధవారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా నాన్న దగ్గర నువ్వుండు” అని రోజు, గంట, పని చెప్పి అడగండి. దూరంగా ఉన్నవారికి మందులు తెప్పించడం, డాక్టరు అపాయింట్‌మెంట్లు, బీమా కాగితాలు అప్పగించవచ్చు. అయితే అప్పగించిన పనిని పూర్తిగా అప్పగించాలి. గుర్తుచేసే బాధ్యత మీ దగ్గరే ఉంచుకుంటే ఆ పని మీ తలలోంచి పోనట్టే. తోబుట్టువులతో ఈ మాట ఎత్తడం అన్నిటికంటే కష్టం. పాత నిష్ఠూరాలతో మొదలుపెట్టకుండా, పుస్తకంలోని రాత్రి మెలకువల లెక్క వారి ముందు పెట్టండి. వారు మీలా చేయకపోవచ్చు, స్నానం అరగంట ఆలస్యం కావచ్చు, దిండు మీరు పెట్టే చోట ఉండకపోవచ్చు. మందుకో భద్రతకో సంబంధించింది కానంతవరకు సరిదిద్దకండి.

వయోజనులకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర అవసరం. ఇంట్లో ఇద్దరుంటే రాత్రిని రెండు భాగాలు చేసుకుని, తమ వంతు కానప్పుడు వేరే గదిలో పడుకోవాలి. ఒక్కరే అయితే, రోగి పగలు నిద్రపోయిన వేళ ఇల్లు సర్దకుండా మీరూ నడుం వాల్చండి. రోగి పదేపదే లేస్తుంటే ఆ సంగతి తప్పకుండా డాక్టరుకు చెప్పాలి. నొప్పి కావచ్చు, సాయంత్రం వేసే మూత్రం ఎక్కువ చేసే మాత్ర కావచ్చు. వేళ మార్చవచ్చో లేదో డాక్టరే నిర్ణయించాలి.

నడుం కూడా ఊరికే పోదు, ఎత్తే తీరు వల్ల పోతుంది. రోగిని చంకల కింద పట్టి లాగకుండా, భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా మడత దుప్పటి పరిచి, ఇద్దరు చెరోపక్కా పట్టుకుని జరపాలి. నర్సునో ఫిజియోథెరపిస్టునో ఒక్కసారి చేసి చూపమని అడగండి.

మీ మందులు, మీ పరీక్షలు వాయిదా వేయకండి. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే మీ కోసం డాక్టరును కలవాలి. రోగిపై చేయి లేస్తుందేమో అనిపిస్తే, వారు పడిపోయే ప్రమాదం లేకుండా చూసి వెంటనే గదిలోంచి బయటకు వచ్చి ఎవరినైనా పిలవండి. చచ్చిపోవాలనిపిస్తే ఒంటరిగా ఉండకుండా ఆ రోజే వైద్యసాయం తీసుకోవాలి.

మొదటి సెలవు రెండు గంటలే పెట్టుకోండి. బయటి పనులు చక్కబెట్టుకోవడానికి ఆ సమయాన్ని వాడకండి. మీరు ఉన్నప్పుడే ఒక పూట, మీ బదులు ఉండటానికి వచ్చినవారి చేత అన్నీ చేయించి, మరుసటిసారి పుస్తకం వారి చేతికిచ్చి వెళ్లండి. గంటకోసారి ఫోన్ చేయాలని మనసు లాగుతుంది. అవసరమైతే వారే చేస్తారన్న ఒప్పందం ముందే చేసుకోండి. తిరిగి రాగానే, వారు ఇంకా గుమ్మం దాటకముందే, వచ్చే వారం ఏ రోజో అడిగి పుస్తకంలో రాయించండి.